నోరు తెరవని తమ్ముడికి పళ్ళు చూపించేదెలా?

పల్నాడు జిల్లా నుంచి ఒక అక్క రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు. ఆమె తమ్ముడికి 24 ఏళ్ళు. మేధో వైకల్యం ఉంది, సదరం సర్టిఫికెట్ కూడా ఉంది. చిన్న మాటలు అర్థమవుతాయి గానీ తను పలికేది నాలుగైదు మాటలే. చిన్నప్పటి నుంచి మూర్ఛ ఉండటంతో ఫెనిటోయిన్, సోడియం వాల్‌ప్రోయేట్ మాత్రలు వాడుతున్నారు. మింగడని వాళ్ళమ్మ వాటిని నూరి, తేనెలో కలిపి, పడుకునే ముందు అతని చేత నాకిస్తారు. చిగుళ్ళు పెరిగి ముందుపళ్ళ మీదికి వచ్చేశాయి. బ్రష్ తగిలితే రక్తం వస్తోందని బ్రష్ మాన్పించి, వేలితో ఉప్పు, పళ్ళపొడి రుద్దుతున్నారు. రెండు నెలలుగా అతను ఇష్టమైన చెక్కలు, జంతికలు ముట్టడం లేదు. రాత్రిళ్ళు లేచి కుడి చెంప మీద కొట్టుకుంటున్నాడు. దగ్గర పట్టణంలో దంతవైద్యుడికి చూపించబోతే గంటన్నర కూర్చోబెట్టారు. తీరా కుర్చీ వెనక్కి వాలగానే అరిచాడు, లైటు వేయగానే లేచిపోయాడు, చివరికి డాక్టర్ వేలు కొరికాడు. "మత్తిచ్చి చేయాలి" అని పంపేశారు. మూర్ఛ ఉన్నవాడికి మత్తిస్తే లేస్తాడో లేదోనని నాన్నగారి భయం. ఉన్న పళ్ళన్నీ ఒకేసారి పీకించేస్తే గొడవ వదులుతుందని కూడా ఆయనే అంటున్నారు. నలుగురం కలిసి పట్టుకుంటే అయిపోతుందని బాబాయి. మాట వినాలంటే ప్రతిదానికీ చాక్లెట్ ఇవ్వాల్సివస్తోందని అమ్మ. "ఇందులో ఏది చేయాలి? అసలు మా తమ్ముడికి నోరు చూపించుకోవడం నేర్పగలమా?" అని అక్క ప్రశ్న.

సమాధానం:

మీ ఉత్తరంలో రెండు సమస్యలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి, ఇప్పుడు నోట్లో ఉన్న నొప్పి. రెండు, నోరు చూపించుకోవడం అతనికి రాకపోవడం. మొదటిది రోజుల్లో, మహా అయితే రెండు మూడు వారాల్లో తేలాలి. రెండోదానికి నెలలు పడుతుంది. ఇంట్లో అందరూ ఈ రెండింటికీ కలిపి ఒకే మందు వెతుకుతున్నారు, అందుకే తలో మాట చెబుతున్నారు.

నొప్పి ఉందని అతను చెప్పలేడు, కానీ చెబుతూనే ఉన్నాడు. గట్టివి మానేయడం, రాత్రి లేవడం, ఒకే చెంప మీద కొట్టుకోవడం మొండితనం కాదు. చన్నీళ్ళు వద్దనడం, ఒకే వైపు నమలడం, ఉన్నట్టుండి చొంగ ఎక్కువ కారడం, చెయ్యి కొరుక్కోవడం కూడా ఉన్నాయేమో చూసి, తేదీలతో రాసి పెట్టండి. కుడి దవడలో పుచ్చు నరం దాకా వెళ్ళి ఉండవచ్చు, చిగురు కింద చీము పట్టి ఉండవచ్చు. చెంప గానీ దవడ కింద గానీ వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, మింగలేకపోయినా ఈ జవాబు పక్కన పెట్టి ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళండి. అప్పుడు నేర్పడాలు, అలవాటు చేయడాలు ఉండవు.

ఈలోగా లవంగ నూనె దూది పెట్టకండి. నూనె చిగురును కాలుస్తుంది, దూది అతను మింగేయవచ్చు. ఆస్పిరిన్ అసలు వద్దు, వాల్‌ప్రోయేట్ వాడేవారికి అది పడదు. పారాసిటమాల్ ఎంత, ఎన్నిసార్లు ఇవ్వాలో మీ డాక్టర్‌ను ఫోన్లో అడిగి ఇవ్వండి.

చిగుళ్ళ పెరుగుదలకు మూలం చాలామటుకు ఫెనిటోయిన్. ఆ మందు వాడేవారిలో దాదాపు సగం మందికి చిగుళ్ళు ఎంతో కొంత పెరుగుతాయి. అయితే మందు ఒక్కటే కారణం కాదు. పళ్ళ మీద పాచి, గార ఉన్నచోట ఆ పెరుగుదల బాగా ముదురుతుంది. చిగురు పెరిగితే బ్రష్ అందదు, అందకపోతే పాచి పేరుకుంటుంది, పాచి వల్ల చిగురు ఇంకా పెరుగుతుంది. రక్తం చూసి బ్రష్ ఆపడంతో ఈ చక్రం ఇంకా జోరందుకుంది. మెత్తటి బ్రష్‌తో రోజూ తోమితే చిగురు వాపు వల్ల వచ్చే రక్తం వారం పది రోజుల్లో తగ్గడం మొదలవుతుంది. ఉప్పు, పళ్ళపొడి వేలితో రుద్దితే పన్ను, చిగురు కలిసే సందులోకి ఏదీ వెళ్ళదు. గరుకు పొడి ఎనామిల్‌ను కూడా అరగదీస్తుంది.

ఫెనిటోయిన్‌ను మీ అంతట మీరు మాత్రం ఆపకండి. హఠాత్తుగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. చిగుళ్ళ ఫొటో చూపించి, లెవెటిరాసెటామ్ లాంటి మరో మందుకు మెల్లగా మార్చడం కుదురుతుందా అని న్యూరాలజిస్టును అడగండి. మారిస్తే కొన్ని నెలల్లో చిగుళ్ళు కొంత తగ్గుతాయి. మార్చడం కుదరదంటే, పెరిగిన చిగురును కోసి తీసేయవచ్చు. శుభ్రత లేకపోతే అది మళ్ళీ పెరుగుతుందని ముందే తెలిసి ఉండాలి. ఇదే సందర్భంలో మాత్రలు నూరే సంగతి కూడా అడగండి. వాల్‌ప్రోయేట్‌లో కొన్ని రకాలు కడుపులో మెల్లగా కరిగేలా పైపూతతో చేస్తారు, వాటిని నూరకూడదు. ఇక పడుకునే ముందు తేనె విషయం. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కాబట్టి ఆ తీపి రాత్రంతా పళ్ళను అంటుకునే ఉంటుంది. మాత్రలు ముందు, బ్రష్ తర్వాత. ఈ వరుస ఒక్కటి మార్చినా చాలా తేడా ఉంటుంది.

ఇప్పుడు ఇంట్లో వినిపిస్తున్న దారులు చూద్దాం.

నలుగురు పట్టుకోవడం: చీము పట్టి, మత్తు ఏర్పాటయ్యే లోపు ఒక పన్ను తీయక తప్పని అత్యవసరంలో, కొద్ది నిమిషాల పాటు, డాక్టర్ చెప్పిన పద్ధతిలో, మీకు తెలిసి మీ ఒప్పుకోలుతో పట్టుకోవడం వేరు. క్లీనింగ్ కోసం, పరీక్ష కోసం పట్టుకోవడం వేరు. పెనుగులాటలో పనిముట్టు జారి నాలుక తెగవచ్చు, ముందుపన్ను విరగవచ్చు. అంతకంటే పెద్ద నష్టం తర్వాత కనిపిస్తుంది. ఆ వాసన, ఆ తెల్లకోటు గుర్తుపెట్టుకుని రేపు రక్త పరీక్షకు కూడా గదిలోకి రాడు. బాబాయి గారి సాయం ఆసుపత్రికి తోడు రావడానికి వాడుకోండి.

అన్నీ పీకించడం: నాన్నగారి మాటలో ఒక పాలు నిజం ఉంది. పళ్ళు లేనిచోట ఫెనిటోయిన్ వల్ల చిగురు పెరగడం అరుదు. బాగా పాడైన దవడపన్నుకు నాలుగైదుసార్లు తిరిగి రూట్ కెనాల్ చేయించడం కంటే తీసేయడమే ఇతనికి మేలు కావచ్చు. కానీ 24 ఏళ్ళకే అన్నీ తీసేస్తే కట్టుడు పళ్ళ సెట్టు పెట్టుకోవడం అతనికి కష్టం, ఫిట్స్ సమయంలో అది విరిగి గొంతులోకి పోయే ప్రమాదం ఉంటుంది. జీవితాంతం మెత్తటి తిండే దిక్కు. ఏ పళ్ళు ఉంచాలి, ఏవి తీయాలి అన్నది ఎక్స్‌రే చూశాక డాక్టర్‌తో కూర్చుని ఒక్కొక్క పన్నుకూ తేల్చుకోవాలి.

నోటి ద్వారా నిద్రమత్తు మందు లేదా నైట్రస్ ఆక్సైడ్ వాయువు: వాయువు పనిచేయాలంటే ముక్కు మీద మాస్క్ ఉంచుకుని ముక్కుతో గాలి పీల్చాలి. ప్రస్తుతానికి మీ తమ్ముడు అందుకు ఒప్పుకోడు. నోటి మందు కొందరిని జోగేలా చేస్తుంది, కొందరిని ఇంకా రెచ్చగొడుతుంది. ఒక పన్ను తీయడానికి సరిపోవచ్చు, నోరంతా బాగుచేయడానికి చాలదు. మూర్ఛ మందులకు ఇదీ తోడైతే మత్తు ఎక్కువ కావచ్చు కాబట్టి మత్తు డాక్టర్, ఆక్సిజన్ ఉన్నచోటే తీసుకోవాలి. ఇంట్లో వేసి తీసుకురమ్మంటే ఒప్పుకోవద్దు.

పూర్తి మత్తు: మీరు రాసిన లక్షణాలు చూస్తే నా మొగ్గు ఇటే. అదుపులో ఉన్న మూర్ఛ పూర్తి మత్తుకు అడ్డంకి కాదు, ముందు జాగ్రత్తలు మాత్రం పెరుగుతాయి. రక్త పరీక్షలు, ఈసీజీ, న్యూరాలజిస్టు చీటీ కావాలి. వాల్‌ప్రోయేట్ వల్ల రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు తగ్గే అవకాశం ఉంది కాబట్టి పన్ను తీసేముందు ఆ లెక్క చూడాల్సిందే. మత్తుకు ముందు మామూలు భోజనం చేస్తే 8 గంటలు, తేలిక తిండి అయితే 6 గంటలు, మంచినీళ్ళకు 2 గంటలు విరామం అన్నది సాధారణ నియమం. మీ మత్తు డాక్టర్ చెప్పిందే తుది మాట. పరగడుపు అన్నారని పొద్దుటి మూర్ఛ మాత్రలు మానేసే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆపరేషన్ బల్ల మీద ఫిట్స్ రావడానికి అదొక్కటి చాలు. కొద్ది నీళ్ళతో వాటిని వేయాలా, ఎన్ని గంటలకు అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. తేనె మాత్రం ఆ పూట లేదు.

ఒకే మత్తులో ఎక్స్‌రేలు, క్లీనింగ్, సిమెంటు, తీయాల్సిన పళ్ళు, పెరిగిన చిగురు అన్నీ అయ్యేలా అడగండి. కుట్లు వాటంతట అవే కరిగిపోయే దారంతో వేయమని మరీ మరీ చెప్పండి, లేకపోతే కుట్లు విప్పడానికి ఇంకో యుద్ధం. ఇంకేదైనా రక్త పరీక్ష బాకీ ఉంటే, చెవిలో గులిమి తీయించాల్సి ఉంటే, గోళ్ళు కత్తిరించనివ్వకపోతే, అవి కూడా అప్పుడే చేస్తారేమో అడగండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు, ఇలాంటి వారికి చికిత్స చేసేచోట ఇది మామూలే. లేచాక పెదవి, చెంప మొద్దుబారి ఉంటే తెలియక నమిలేసుకుంటాడు. రెండు మూడు గంటలు ఒకరు పక్కనే కూర్చుని చూడాలి. రక్తం ఆగడానికి పెట్టిన గాజుగుడ్డ మింగకుండా చూడటం కూడా వారి పనే.

మత్తుతో ఇప్పటి బాకీ తీరుతుంది. నోరు చూపించుకోవడం నేర్పకపోతే రెండేళ్ళకు మళ్ళీ అదే బల్ల మీదికి వెళ్ళాలి. అందుకని ఆసుపత్రి తేదీ కోసం ఎదురుచూస్తూనే ఇంట్లో సాధన మొదలుపెట్టండి. కుడి వైపు మాత్రం ఇప్పుడు ముట్టుకోకండి, నొప్పి ఉన్నచోట తాకితే నేర్పిందంతా పోతుంది.

వాష్‌బేసిన్ దగ్గర నిలబెట్టి తోమితే ముందుపళ్ళు తప్ప మీకేమీ కనిపించదు. అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి మీరు వెనక నిలబడండి, అతని తల మీ పొట్టకు ఆని ఉండాలి. లేదా మంచం మీద పడుకోబెట్టి తల మీ ఒళ్ళో పెట్టుకోండి. చూపుడు వేలిని చెంపకూ పళ్ళకూ మధ్య బయటి వైపు నుంచి జార్చి చెంపను పక్కకు లాగండి. ఆ సందులో వేలికి కాటు పడదు. వేలు నమిలే పళ్ళ మీద పడితే దవడ దానంతట అదే మూసుకుంటుంది, డాక్టర్‌కు జరిగింది బహుశా అదే. రెండు బ్రష్‌లు వాడండి. ఒకదాని లావుపాటి పిడి ఎడమ దవడపళ్ళ మధ్య అతన్నే కొరికి పట్టుకోమంటే నోరు తెరిచి ఉంటుంది, రెండోదానితో మీరు తోముతారు. చిన్న తల, మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్ తీసుకోండి. ఫ్లోరైడ్ 1000 పీపీఎమ్‌కు తగ్గని పేస్టు బఠాణీ గింజంత చాలు. ఉమ్మడం రాకపోతే ఇంకా తగ్గించి, చివర తడిగుడ్డతో తుడవండి. నురగ ఎక్కువైతే ఊపిరాడట్లేదని తోసేస్తారు, చాలా ఇళ్ళలో గొడవకు కారణం అదే.

కుచ్చును చిగురు అంచు వైపు ఏటవాలుగా పెట్టి, పైకి వినబడేలా పది అంకెలు లెక్కపెడుతూ తోమండి. పది రాగానే ఆపేయండి. బాగా ఒప్పుకుంటున్నాడు కదా అని పదిహేను దాకా వెళ్ళకండి. పది అంటే అయిపోతుందని అతనికి నమ్మకం కుదరాలి, రేపు డాక్టర్ చేతిలోనూ అదే లెక్క పనిచేయాలి. రోజూ ఒకేచోట మొదలుపెట్టి ఒకే వరుసలో వెళ్ళండి.

బ్రష్‌కు అలవాటు పడ్డాక పరీక్షలోని మిగతా సామాను ఒక్కొక్కటిగా ఇంటికి తీసుకురండి. పడక్కుర్చీ ఉంటే అందులో వెనక్కి వాలడం. మెడలో తువ్వాలు కట్టించుకోవడం. మీ మొహానికి మాస్క్, చేతికి గ్లవ్స్. గ్లవ్స్ వాసన, స్పర్శ రెండూ కొత్తే కాబట్టి ముందు అతని చేతికి తొడిగి ఆడుకోనివ్వండి. ఫోన్ టార్చి కళ్ళలో పడకుండా గడ్డం వైపు నుంచి. నోట్లో పెట్టే చిన్న ప్లాస్టిక్ అద్దం దంతవైద్యుడినే అడిగి తీసుకోండి. గోరువెచ్చని నీళ్ళలో ముంచి పెడితే చల్లగా తగిలి ఉలిక్కిపడడు. బ్యాటరీ బ్రష్ ఉంటే ముందు చేతి గోటి మీద, తర్వాత చెంప మీద, ఆ తర్వాతే పన్ను మీద. ఒక మెట్టు వరుసగా మూడు రోజులు గొడవ లేకుండా గడిస్తే తర్వాతి మెట్టుకు వెళ్ళండి, తోసేస్తే ఒకటి వెనక్కి దిగండి. ఫిట్స్ వచ్చిన రోజు, నిద్ర లేని రోజు సాధన వద్దు. ఇందులో ఏ దశలోనైనా నోరు తెరిచినప్పుడు ఫోన్లో వీడియో తీసి ఉంచండి. డాక్టర్‌కు సగం పరీక్ష అక్కడే అయిపోతుంది.

ఇక క్లినిక్. అందరు దంతవైద్యులకూ ఇది రాదు, రాకపోవడం తప్పూ కాదు. దంత కళాశాలల్లో పిల్లల దంతవైద్య విభాగం వారికి ఇలాంటి వారిని చూసే శిక్షణ ఉంటుంది, కొన్నిచోట్ల పెద్దవారినీ చూస్తారు. మీకు దగ్గర్లో విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాల, మంగళగిరి ఎయిమ్స్ ఉన్నాయి. తీసుకెళ్ళే ముందు అతను లేకుండా మీరొక్కరే వెళ్ళి మూడు సంగతులు కనుక్కోండి: 24 ఏళ్ళ మనిషిని చూస్తారా, పూర్తి మత్తులో పళ్ళ పని చేసే థియేటర్ రోజు ఏది, మొదటి నంబరు ఇస్తారా. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 25వ సెక్షన్ వైద్యంలో వారికి ప్రాధాన్యం ఇవ్వాలంటోంది. గంటన్నర వెయిటింగ్ తప్పించమని దయ కోసం బతిమాలక్కర్లేదు, ఆ సెక్షన్ పేరు చెప్పి హక్కుగా అడగవచ్చు.

డాక్టర్‌కు ఒక పేజీ రాసి ఇవ్వండి. మందుల పేర్లు, మోతాదులు, చివరి ఫిట్ ఎప్పుడు, ఏ మాటలు అర్థమవుతాయి, ఏం ఇష్టం, కోపం వచ్చేముందు ఏం చేస్తాడు. దాంతోపాటు ఈ కోరికలు కూడా. అతను ఎక్కకముందే కుర్చీని వాల్చి ఉంచాలి, ఎందుకంటే భయపెట్టేది వాలి ఉండటం కాదు, కింద నుంచి కుర్చీ కదలడం. పెద్ద లైటు బదులు తలకు పెట్టుకునే లైటు. చప్పుడు చేసే ఉమ్ము గొట్టం, కంప్రెసర్ ఆపి ఉంచాలి. మొదట పదునైన పనిముట్టు కాకుండా ఇంటి నుంచి తెచ్చిన అతని బ్రష్‌తోనే పళ్ళు లెక్కపెట్టాలి, తర్వాత అద్దం. గదిలో మాట్లాడేది ఒక్కరే, అది మీరే కావడం మంచిది. "నొప్పి లేదు", "సూది వెయ్యరు" అనకండి, అతను పట్టుకునేది నొప్పి, సూది అన్న మాటల్నే. కొంతమందికి ఎక్స్‌రే గదిలోని బరువైన సీసపు ఏప్రన్ ఒంటి మీద కప్పితే నెమ్మదిస్తారు, అడిగి చూడండి.

కొరుకుతాడన్న భయానికి వైద్యులు రబ్బరు దిమ్మ గానీ, నాలుగైదు ఐస్‌క్రీమ్ పుల్లలను గాజుగుడ్డతో చుట్టి చేసిన ఆసరా గానీ వాడతారు. దాన్ని దవడపళ్ళ మధ్య పెట్టాలి, ముందుపళ్ళ సందు నుంచి బలవంతంగా తోస్తే అవి కదిలిపోతాయి. జారి గొంతులో పడకుండా దారం కట్టి బయట ఉంచాలి. ఇది పరీక్ష సమయంలో మాత్రమే. ఇంట్లో ఫిట్స్ వచ్చినప్పుడు చెంచా, తాళాలు, గుడ్డ ఏదీ నోట్లో పెట్టకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి టైము చూడండి, 5 నిమిషాలు దాటితే ఆసుపత్రికి.

మత్తులో పని అయ్యాక మూడు నెలలకోసారి వెళ్ళండి. అప్పుడు చేసేది నిమిషాల పని: చూడటం, ఫ్లోరైడ్ వార్నిష్ పూయడం. కొత్తగా చిన్న పుచ్చు కనిపిస్తే డ్రిల్ లేకుండా సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ చుక్కతో చాలాసార్లు ఆపవచ్చు. పుచ్చిన చోటు నల్లగా మారిపోతుంది. దవడపళ్ళకు ఫరవాలేదు, ముందుపళ్ళకైతే ఇంట్లో అందరూ ఒప్పుకున్నాకే.

కాగితాల సంగతి ఒకటి మిగిలింది. అతనికి 18 దాటాయి. మత్తుకు ఎవరి సంతకం కావాలో ఆసుపత్రిలో ముందే అడగండి. నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 కింద జిల్లా కలెక్టర్ నేతృత్వంలోని స్థానిక కమిటీ ఇలాంటి వారికి సంరక్షకుడిని (గార్డియన్) నియమిస్తుంది. ఆ నియామకం బ్యాంకుకు, పెన్షన్‌కు కూడా పనికొస్తుంది కాబట్టి అమ్మానాన్నలు ఓపికగా ఉన్నప్పుడే దరఖాస్తు పెట్టండి, మీ పేరు కూడా చేర్చవచ్చేమో అక్కడ అడగండి. అదే ట్రస్ట్ నడిపే నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉంటుంది, చేరడానికి ముందస్తు వైద్య పరీక్షలు అక్కర్లేదు. పళ్ళ పనిలో దేనికి ఎంత ఇస్తారో చేరేటప్పుడే కనుక్కోండి.

చాక్లెట్ గురించి అమ్మగారికి చెప్పండి: ఒక్కసారిగా మాన్పిస్తే అతను సాధననే మానేస్తాడు. బ్రష్ అయిన వెంటనే అతనికి నచ్చిన పాట వీడియో ఒకటి, లేదా వీధి చివరిదాకా బండి మీద ఒక రౌండు ఇవ్వడం ఈ వారమే మొదలుపెట్టండి. చాక్లెట్‌ను మధ్యాహ్నం అన్నం అయ్యాక రోజుకొకటికి జరపండి.